హాజరు మాటా మాదే, గైర్హాజరూ మేమే

మా గురించి మూడు వాక్యాలు ఈ నేల మీద ఎప్పుడూ తయారుగా ఉంటాయి. 'సాయిబుల పిల్లలకి చదువు అబ్బదు.' 'వాళ్ళకి తెలుగు రాదు.' 'వాళ్ళు ఎవరితోనూ కలవరు.' ఊరి రచ్చబండ మీద ఒక తీరుగా, పత్రికాఫీసులో మరో తీరుగా, యూనివర్సిటీ సెమినార్‌లో ఇంకో తీరుగా వీటిని వింటూనే ఉన్నాం. సెమినార్‌లో దీన్నే 'విద్యాపరమైన వెనుకబాటుతనం' అంటారు. మాట మెత్తబడుతుంది. తీర్పు మాత్రం మెత్తబడదు.

మేం ఒక కాలు ఉర్దూ పత్రికలో, ఒక కాలు తెలుగు పత్రికలో పెట్టి బతుకుతున్న వాళ్ళం. ఈ మూడు వాక్యాల్నీ రెండు వైపుల నుంచీ విన్నవాళ్ళం. ఇప్పుడు జవాబు చెప్పదలచుకున్నాం.

చదువు అబ్బటం, అబ్బకపోవటం పిల్లాడి బుర్రలో మాత్రమే జరిగే పని కాదు. వాడు ఏ గదిలో కూర్చున్నాడు, ఏ భాషలో అడిగించుకున్నాడు, ఎవరి ముందర నిలబడ్డాడు, ఏ పేరుతో పిలిపించుకున్నాడు - ఇవన్నీ ఆ చదువులో భాగమే. ఒకచోట గడగడా మాట్లాడే నోరు ఇంకోచోట ఎందుకు పడిపోతుందో తెలియాలంటే ముందు ఆ చోటుని చూడాలి. గదిని కట్టింది మేం కాదు. ఆ గదిలో తప్పిన లెక్కని మాత్రం మా ఖాతాలో రాస్తున్నారు. మా తగాదా ఇదే.

బడి మొదలయ్యేదే హాజరుతో. హాజరు ఎవరి మాట? గైర్హాజరు ఎవరి మాట? పరీక్షలో రాసే జవాబు, 'ఖాళీలు పూరించండి' అన్నప్పటి ఖాళీ, మాస్టారు కూర్చునే కుర్చీ, పిల్లలు రాసే కాగితం - అన్నీ అరబ్బీ, ఫార్సీ నుంచి నడిచొచ్చి తెలుగులో స్థిరపడ్డ మాటలే. తెలుగువాడి పొలం దస్తావేజు నుంచి కోర్టు ఫిర్యాదు దాకా, దర్ఖాస్తు నుంచి రసీదు దాకా మా తాతల నోటి మాట లేకుండా ఒక్క పనీ జరగదు. ఆ మాటలకి బళ్ళో చోటుంది. వాటిని ఇంట్లో పుట్టినప్పటి నుంచీ వింటున్న పిల్లాడికి చోటు లేదు. వాడు నోరు తెరిస్తే 'తురకం మాట్లాడకు' అంటారు. తురకం అనే భాష ప్రపంచంలో ఎక్కడుంది? ఆ పేరు మేం పెట్టుకున్నది కాదు.

ఇక పేరు సంగతి. ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చేసిన పరిశోధన ఒకటి 2004లో, మళ్ళీ 2006లో అచ్చయింది. ఆరు, ఏడు తరగతుల మగపిల్లల్ని కూర్చోబెట్టి, కాగితం మీద చిక్కుదారులు గీసి ఇచ్చి, దారి కనుక్కోమన్నారు. ఎవరిది ఏ కులమో బయటికి చెప్పనప్పుడు దళిత పిల్లలూ పై కులాల పిల్లలూ ఇంచుమించు ఒకేలా చేశారు. ఇంకో చోట, పని మొదలుపెట్టే ముందు, ఒక్కొక్కరి పేరూ తండ్రి పేరూ ఊరూ కులమూ అందరి ఎదుటా చదివారు. అంతే. దళిత పిల్లలు కనుక్కున్న దారుల లెక్క పడిపోయింది. బుర్రలు అవే. చిక్కుదారులు అవే. మారిందల్లా ఆ గదిలో చదివిన నాలుగు మాటలు.

ఈ పరిశోధన మా పిల్లల మీద చేసింది కాదు. అయినా చదవగానే మా ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకంటే మా పిల్లల విషయంలో విడిగా కులం చదవక్కర్లేదు. మస్తాన్, ఖాజా, రజియా, గౌసియా - పేరు పిలిస్తే చాలు, ప్రకటన అయిపోయినట్టే. పాకిస్తాన్‌తో క్రికెట్ మ్యాచ్ జరిగిన మర్నాడు అదే పేరు పిలిస్తే గదిలో తలలన్నీ ఒక వైపుకి తిరుగుతాయి. ఎక్కడో బాంబు పేలిన మర్నాడు మాస్టారి గొంతు కూడా మారుతుంది. ఆ రోజు ఆ పిల్లాడు ఎక్కం తప్పు చెప్తే, తప్పింది ఎక్కమేనా? ఆ పిల్లాడు వెనక బెంచీకి పోయి కూర్చుంటే 'కలవడు' అని రాసుకుంటారు. తలలు తిప్పిన వాళ్ళ గురించి ఎక్కడా రాసుకోరు.

ఇప్పుడు ఆ పిల్లాణ్ణే బడి బయట చూద్దాం. మా బస్తీల్లో పంక్చర్ షాపుల్లో, మెకానిక్ షెడ్లలో, పాన్ డబ్బాల్లో, పండ్ల బండ్ల దగ్గర వాడు దొరుకుతాడు. బండి చప్పుడు విని జబ్బు ఎక్కడుందో చెప్తాడు. పేర్లు రాయలేని సామాన్లన్నీ చేతికి తెలుసు. డజను ధర చెప్తే ఏడు కాయలకెంతో, ఐదొందల నోటుకి చిల్లరెంతో కాగితం ముట్టకుండా లెక్క కడతాడు. తెలుగు గిరాకీతో తెలుగు, ఉస్తాద్‌తో దఖ్నీ, బిహారు నుంచొచ్చిన కూలీతో హిందీ. ఒక్క గంటలో మూడు భాషలు. పాతబస్తీ ఇళ్ళల్లో అమ్మాయిలు జర్దోజీ చట్రం ముందు కూర్చుని, నమూనా ఒకసారి చూసి, తీగ ఎక్కడ తిప్పాలో, పూసలు ఎన్ని పట్టాలో మనసులోనే లెక్కేసుకుంటారు. ఇది చదువు కాదా? జ్ఞానం కాదా? కాకపోతే ఎందుక్కాదు?

బ్రెజిల్ దేశంలో రెసిఫే అనే ఊరుంది. అక్కడి వీధుల్లో కొబ్బరికాయలూ పండ్లూ అమ్మే పిల్లల్ని తెరెజిన్యా నూనెస్ తన సహచరులతో కలిసి పరిశీలించి 1985లో అచ్చు వేశారు. ఐదుగురే పిల్లలు, 9 నుంచి 15 ఏళ్ళ వాళ్ళు. కొనేవాళ్ళలాగా పోయి అడిగిన లెక్కల్లో నూటికి 98 సరిగ్గా చెప్పారు. తర్వాత అవే అంకెల్ని కాగితం మీద కూడికలుగా, గుణకారాలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే ఒప్పు వచ్చాయి. కొబ్బరికాయల ధర కూడా గుణకారమే కదా! బండి దగ్గర వచ్చిన గుణకారం బల్ల దగ్గర ఎట్లా పోయింది?

ఐదుగురి సంగతి చూసి నిర్ణయించొద్దంటారేమో. కలకత్తా, ఢిల్లీ బజార్లలో పని చేసే పిల్లలు పద్నాలుగు వందల మందికి పైగా ఉన్న పరిశోధన 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో వగైరాలు చేసినది. బేరంలో చిక్కు లెక్కలు నోటితో చెప్పే పిల్లలు, బడి పుస్తకం తీరులో భాగహారం ఇస్తే ఆగిపోయారు. అంతకన్నా ముఖ్యమైనది రెండో సగం. బళ్ళో మంచి మార్కులు తెచ్చుకునే పిల్లల్ని బజారు లెక్కల ముందు నిలబెడితే వాళ్ళూ తడబడ్డారు. దీన్ని గట్టిగా పట్టుకోవాలి. బజారులో తడబడ్డ బడి పిల్లాణ్ణి ఎవరన్నా 'మొద్దు' అన్నారా? 'వీళ్ళ జాతికి లెక్కలు అబ్బవు' అన్నారా? అనరు. ఎందుకంటే సర్టిఫికెట్ ఇచ్చేది బజారు కాదు, బడి. ఎవరి గదిలో పరీక్ష జరిగితే వాళ్ళ పిల్లలు తెలివైన వాళ్ళవుతారు.

పసిపిల్లల చేత పని చేయించటం మంచిదని మేం అనటం లేదు. మా పిల్లలు షెడ్డులో కాదు, బళ్ళోనే ఉండాలి. మేం అంటున్నది ఒకటే. షెడ్డు దగ్గర తెలివైనవాడు బడి గుమ్మం తొక్కగానే మొద్దు అవుతున్నాడంటే, పరీక్షించాల్సింది గుమ్మాన్ని.

ఆ గుమ్మంలో మొదటి గడప భాష. మా ఇళ్ళల్లో మాట్లాడేది దఖ్నీ. కుతుబ్‌షాహీ గోల్కొండలో మహమ్మద్ కులీ రాజు, కవీ కూడా. 1580 నుంచి 1612 దాకా ఏలాడు. ఆయన రాసింది ఈ దఖ్నీలోనే. ఢిల్లీలో ఉర్దూ కవిత్వానికి గిరాకీ రాకముందే దక్కనులో దఖ్నీకి దీవాన్లున్నాయి. ఆ భాష ఈ నేల నీళ్ళు తాగి పెరిగింది. ఒక్క ఉదాహరణ చాలు. తెలుగులో 'రేపు వస్తానని చెప్పాడు' అంటాం. మా అమ్మీలు 'కల్ ఆతూఁ బోల్కే బోల్యా' అంటారు. 'అని' అన్నది 'అను' నుంచి వచ్చినట్టే 'బోల్కే' అన్నది 'బోల్' నుంచి వచ్చింది. లక్నో ఉర్దూలో వాక్యాన్ని ఇట్లా కట్టరు. ఇది తెలుగు కట్టిన కట్టు. మాటలు మావి, ఎముక మీది. మా ఇంటి భాష లోపల మీ భాష నిలబడి ఉంది. మీ కచేరీ భాష లోపల మా భాష కూర్చుని ఉంది. ఇంత దగ్గర చుట్టరికం ఉన్నవాళ్ళని 'కలవరు' అంటారా?

ఈ చుట్టరికాన్ని బళ్ళో వాడుకుంటే ఎంత లాభం! 'బోల్కే' దగ్గర నుంచి 'అని' దగ్గరికి పిల్లాణ్ణి ఒక్క అంగలో తీసుకుపోవచ్చు. 'నక్కో' దగ్గర నుంచి 'వద్దు' దగ్గరికి తీసుకుపోవచ్చు. అదేమీ జరగదు. తెలుగు మీడియంలో వాడి నోట్లోది తప్పు తెలుగు. ఉర్దూ మీడియంలో వాడి నోట్లోది తప్పు ఉర్దూ. ఆరేళ్ళ పిల్లాడికి రెండు బళ్ళూ కలిసి నేర్పే మొదటి పాఠం ఒకటే: నీ అమ్మ తప్పుగా మాట్లాడుతుంది. ఈ పాఠం విన్న పిల్లాడు నోరు మూసుకోక ఏం చేస్తాడు?

సినిమా ఈ పాఠాన్ని ఊరూరా చెప్పింది. తెర మీద సాయిబు పాత్ర వచ్చిందంటే వంకర తెలుగు, దాని మీద నవ్వు. నేస్తం కోసం ప్రాణం ఇచ్చే మంచి సాయిబైనా సరే, వంకర తెలుగుతోనే ప్రాణం ఇవ్వాలి. ఇంకో భాషలో పుట్టి మన భాషలో అడుగుపెట్టిన మనిషి శ్రమ అందులో ఎవరికీ కనపడలేదు. ఇంగ్లీషు దొర వచ్చీరాని తెలుగులో నాలుగు మాటలంటే చప్పట్లు కొడతారు. మేం అంటే నవ్వుతారు. తప్పులో తేడా లేదు, తప్పు చేసినవాడి హోదాలో ఉంది తేడా.

మరి తెలుగే ఇంటి భాష అయిన మావాళ్ళ సంగతి? దూదేకుల వాళ్ళు, కోస్తా జిల్లాల్లో, రాయలసీమలో తెలుగు తప్ప ఇంకోటి రాని ముస్లింలు లక్షల మంది. వాళ్ళని పట్టుకుని 'మీరు తెలుగు చక్కగా మాట్లాడతారే!' అంటారు. మెచ్చుకుంటున్నామనుకుంటారు. అమ్మ భాష మాట్లాడినందుకు మెచ్చుకోలు ఏమిటి? ఇదే మాట ఒక రెడ్డి గారితోనో, శాస్త్రి గారితోనో అంటారా? చెవిలో పడేది మాటే అయినా, వినేది పేరుని. పేరు ముందే చెవిలో కూర్చుంటే మాట దాని వెనక నిలబడాల్సి వస్తుంది.

ఇక్కడ మావాళ్ళతోనూ మాకు తగాదా ఉంది. దాన్ని దాచం. మా పెద్దమనుషులు ముషాయిరాల్లో కూర్చుని దఖ్నీని నవ్వులాటకే పనికొచ్చే భాషగా మిగిల్చారు. ఏడుపుకీ ప్రేమకీ ఆలోచనకీ లక్నో ఉర్దూ, కామెడీకి దఖ్నీ! దూదేకుల సోదరుణ్ణి 'ఉర్దూ రానివాడు నువ్వేం ముసల్మానువి' అని పక్కన పెట్టారు. ఊళ్ళో ఒక్కరికీ అర్థం కాని ఉర్దూలో జుమా బయాన్ చెప్పి, జనానికి దీన్ తెలియదని వాపోయారు. బళ్ళో మా పిల్లాడికి జరిగేదే మసీదులో తెలుగు ముస్లింకి జరుగుతోంది. గది కట్టినవాడు తన గొంతునే కొలతబద్ద చేసుకోవటం ఒక్క మతానికో కులానికో పుట్టిన జబ్బు కాదు. అధికారం ఉన్నచోటల్లా ఉంటుంది.

చరిత్ర చూడండి. 1921 నవంబరులో హైదరాబాదులో సంఘ సంస్కార సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి, చప్పట్లు కొట్టి కూర్చోబెట్టారు. మిగతా భాషల్లో మాట్లాడిన వాళ్ళకి లేని అవమానం తెలుగుకి జరిగింది. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి బీజం పడింది. 1918లో పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీ వైద్యమూ ఇంజనీరింగూ ఉర్దూలో చెప్పింది. దేశభాషలో పెద్ద చదువు చెప్పటం సాధ్యమేనని దేశానికే చూపించింది. ఆ ఘనత నిజం. తెలుగు మాట్లాడే వాళ్ళు ఎక్కువగా ఉన్న రాజ్యంలో తెలుగు పిల్లాడు ఆ గుమ్మం దగ్గర నోరు కట్టేసుకోవాల్సి వచ్చిందన్నదీ నిజమే. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి జవాబు చెప్పాడు. కవులు కొత్తగా పుట్టలేదు. ముందు నుంచీ ఉన్నారు. చూసే కళ్ళకి చోటు మారింది, అంతే.

తెలుగు మిత్రులారా, ఆ బాధ మీకు తెలిసిన బాధ. ఆనాటి తెలుగు పిల్లాడి మౌనాన్ని తెలివితక్కువతనం అని మీరు ఒప్పుకోలేదు. అన్యాయం అన్నారు. సరిగ్గానే అన్నారు. 1948 తర్వాత గది చేతులు మారింది. ఉర్దూ చదివి నౌకరీ చేసుకునే మధ్యతరగతి ముస్లిం కుటుంబం రాత్రికి రాత్రి నిరక్షర కుటుంబమైంది. నిన్నటి దాకా జిల్లా కచేరీలో కాగితాలు రాసిన చెయ్యి తెల్లారేసరికి వేలిముద్ర చెయ్యి అయింది. ఆ చేతికి ఏ జబ్బూ చెయ్యలేదు. మరి ఆ ఇంటి మనవడి మౌనానికి మాత్రం 'వెనుకబాటుతనం' అని వేరే పేరు ఎందుకు?

చూపు కూడా చదువులాంటిదే. అదీ నిలబడ్డ చోటుని బట్టి వస్తుంది. ఇది మా వృత్తిలో ఏటా చూస్తాం. సెప్టెంబరు 17 వస్తుంది. 1948లో అదే రోజుకి హైదరాబాదు సైన్యం చేతులెత్తేసింది. తెలుగు డెస్కు మీద 'విమోచన' అనీ 'విలీనం' అనీ కొట్లాట. ఉర్దూ డెస్కు మీద 'సుఖూతె హైదరాబాద్', అంటే హైదరాబాదు పతనం. మా నానీలు మాత్రం 'పులీస్ యాక్షన్' అనేవాళ్ళు, ఆ మాట అని ఆగిపోయేవాళ్ళు. 2022లో కేంద్రం దాన్ని విమోచన దినం అంది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ఒక్క తారీఖుకి ఇన్ని పేర్లు.

పేరుని బట్టి ఏం కనపడుతుందో, ఏం కనపడకుండా పోతుందో చూడండి. 'విమోచన' అన్నవాడికి రజాకార్లు తగలబెట్టిన ఊళ్ళు కనపడతాయి. కనపడాలి కూడా. కానీ నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, ఆ రోజుల్లో, ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనా కట్టిన సంగతి కనపడదు. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంట పడనే లేదు. 'సుఖూత్' అన్నవాడికి ఆ చావులు కనపడతాయి. కానీ రజాకార్లని ఎదిరించి, భారత్‌లో కలవాలని ఉర్దూలోనే రాసి, 1948 ఆగస్టులో ప్రాణమిచ్చిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కనపడడు. ఆయన మాలాంటి పాత్రికేయుడు. రెండు డెస్కుల మీదా ఆయనకి సరైన కుర్చీ దొరకలేదు. మా పిల్లాడు చరిత్ర పాఠంలో ఏదో ఒక పేరు రాయాలి. బళ్ళో చెప్పింది రాస్తే నానీ అబద్ధమైపోతుంది. నానీ చెప్పింది రాస్తే మార్కు పోతుంది. ఖాళీ వదిలేస్తాడు. ఆ ఖాళీని చూసి 'చరిత్రలో వీక్' అంటారు.

'ఇదంతా సాకు, మీ జనానికి చదువు మీద ఆశ లేదు, మదర్సాలకి పంపుతారు' అనేవాళ్ళు ఉన్నారు. అంకెలు చూద్దాం. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకి పోయేవాళ్ళు 3 శాతమేనని సచార్ కమిటీ 2006లో చెప్పింది. తక్కిన 97 మంది ఎక్కడున్నారు? బడుల్లో ఉన్నారు, లేదా బడి వదిలేసి పనుల్లో ఉన్నారు. 2001 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 60.5 శాతం. ముస్లింలది 68 శాతం. అవును, ఎక్కువే. మేం పట్టణాల్లో ఎక్కువగా ఉండటం దానికి ఒక కారణం. అంటే ఇక్కడా చోటే పని చేసింది. మరి పై చదువు? అదే కమిటీ లెక్కలో, దేశం మొత్తమ్మీద 20 ఏళ్ళు దాటినవాళ్ళలో డిగ్రీ ఉన్నవాళ్ళు 7 శాతం దాకా ఉంటే ముస్లింలలో 4 శాతం లోపే. అక్షరం దాకా నడిచొచ్చిన వాళ్ళం డిగ్రీ దాకా ఎందుకు రాలేదు? ఆశ లేకపోతే అక్షరం దాకా కూడా రాము కదా. మధ్యలో పేదరికం ఉంది. దాంతోపాటు ఆ గది కూడా ఉంది.

గది మారితే ఏమవుతుందో కూడా చూశాం. 2016 నుంచి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు తెరిచారు. రెండొందలు దాటాయి, దాదాపు సగం ఆడపిల్లలవి. 'మా ఆడపిల్లల్ని గడప దాటనివ్వరు' అని పేరుపడ్డ ఇళ్ళ నుంచే ఆడపిల్లలు పెట్టెలు సర్దుకుని హాస్టళ్ళకి పోయారు. అమ్మీ అబ్బాల మనసు ఒక్క ఏడాదిలో మారిందా? మనసు ముందు నుంచీ అదే. పంపటానికి భరోసా ఉన్న చోటు అప్పుడు దొరికింది. ఆ బడుల్లో లోపాలుంటే వాటి మీదా కొట్లాడతాం. కానీ 'పంపరు' అన్న మాట మాత్రం ఇక చెల్లదు. 2007లో చట్టంగా వచ్చిన 4 శాతం రిజర్వేషన్ కాలేజీ గేటు దగ్గర చెయ్యి అందిస్తోంది. గేటు దాకా రావాలంటే ఒకటో తరగతి గది దాటాలి కదా.

కాబట్టి మాకు జాలి అక్కర్లేదు. రంజాన్‌లో టోపీ పెట్టుకుని హలీం తినే సెక్యులరిజం కూడా అక్కర్లేదు. అడుగుతున్నవి నాలుగు.

ఒకటి. మైనారిటీ భాషల పిల్లలకి ప్రాథమిక తరగతుల్లో అమ్మ భాషలో చదువు చెప్పే ఏర్పాటు చూడమని రాజ్యాంగం 350ఏ అధికరణం 1956 నుంచీ చెప్తోంది. ఉర్దూ బళ్ళలో ఖాళీగా ఉన్న టీచరు పోస్టులు నింపండి. ఉర్దూ రెండో అధికార భాష అని తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రాష్ట్రమంతటికీ ప్రకటించారు. బోర్డుల మీద అక్షరాలు చాలవు, బళ్ళో మనుషులు కావాలి.

రెండు. తెలంగాణలో 2018 చట్టం ప్రతి బళ్ళో తెలుగు తప్పనిసరి చేసింది. మంచిదే, మాకు తెలుగు కావాలి. తెలుగు రాకపోతే ఈ నేల మీద మాకు నౌకరీ లేదు, న్యాయం లేదు. కానీ ఇంట్లో దఖ్నీ మాట్లాడే పిల్లాడికి ఆ ఇంటి మాట మీదుగా తెలుగు నేర్పండి. మొదటి రోజే ఆ మాటని తప్పు కొట్టేసి కాదు.

మూడు. పాఠ్యపుస్తకంలో మమ్మల్ని పండుగ రోజు సేమియా తినే వాళ్ళుగానూ, యుద్ధం రోజు కత్తి పట్టుకునే వాళ్ళుగానూ మాత్రమే చూపించటం మానండి. దూది ఏకే చేతిని, టైరు విప్పే చేతిని, లాడ్ బజార్‌లో లక్క గాజు తిప్పే చేతిని చూపించండి. టీచర్లకి ఇచ్చే శిక్షణలో మా పేరుని ఎట్లా పిలవాలో కూడా ఒక పాఠం పెట్టండి.

నాలుగు మా మీద మేం వేసుకుంటున్నది. తెలుగు ముస్లింని తక్కువ చేసే నాలుకని మేం సరిచేయాలి. తెలుగు ఊళ్ళో జుమా బయాన్ తెలుగులో చెప్పాలి. దఖ్నీలో కథ రాయాలి, ఆలోచన రాయాలి, జోకులకే వదిలెయ్యకూడదు.

ఆఖరిగా ఒక చిన్న వ్యాకరణం. తెలుగులో 'మేము' వేరు, 'మనము' వేరు. ఎదుటివాణ్ణి బయట పెట్టేది మొదటిది, కలుపుకునేది రెండోది. లక్నో ఉర్దూలో ఈ తేడా లేదు, రెంటికీ 'హమ్' ఒక్కటే. మా దఖ్నీలో 'హమ్'తో పాటు 'అపన్' కూడా ఉంది. 'అపన్' అంటే మనం. పాఠ్యపుస్తకంలో 'మన పూర్వీకులు', 'మన పండుగలు' అని చదివినప్పుడల్లా మా పిల్లాడు ఆ 'మన'లో తను ఉన్నాడో లేడో తేల్చుకోలేక ఆగిపోతున్నాడు. ఈ వ్యాసం పొడుగునా మేం 'మేం' అనే రాశాం. ఇష్టంతో కాదు. మీ 'మనం'లో మాకు ఇంకా చోటు చూపించలేదు గనక. చూపించిన రోజు ఈ మాట మార్చి రాయటానికి మాకు ఎంతోసేపు పట్టదు.